సువర్చల గారి సాయంత్రాలు

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా కాకినాడ రామారావుపేటలోని ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో రెండు బల్లలు వేసి, వెనక గోడకి గుడ్డ బ్యానరు కట్టేశారు. దాని మీద ‘మళ్ళీ’ అన్న ఒక్క మాట పెద్దక్షరాల్లో ఉంది. కింద చిన్నక్షరాల్లో, ‘మీ ఇంట్లో పాతబడిన కరెంటు సామాన్లు మాకివ్వండి, ఇష్టమైతేనే’ అని రాసి ఉంది.

‘ఇష్టమైతేనే’ అన్న మాట హైమ పట్టుబట్టి రాయించింది. ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టే చట్టం లేదు, ఇచ్చినందుకు బహుమానమూ లేదు. అపార్ట్‌మెంట్ల సంఘాలు చోటిస్తాయి. మహిళా సంఘాల వాళ్ళు ఇంటింటికీ తిరిగి చెప్తారు. రిపేరు షాపుల వాళ్ళు వంతులేసుకుని వచ్చి, పనికొచ్చేదేదో రానిదేదో తేలుస్తారు. ఆటోనగర్ చివర ఉన్న హైమ ప్రయోగశాల మిగతా పని చూసుకుంటుంది. ఆరేళ్ళుగా ఆ కూటమి మాట మీదే నడుస్తోంది.

ఆ రోజు అందరికంటే ఆఖర్న వచ్చిన మనిషి పేరిచర్ల కామరాజు గారు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఆయన వెనకే ట్రాలీ ఆటోలోంచి ఒక సీలింగు ఫ్యాను, మంచం పక్కన పెట్టుకునే దీపం, గీజరు, గుమ్మం ముందు లైటు దిగాయి.

రిపేరు షాపు గని ఫ్యాను రెక్కని వేలితో తిప్పి చూశాడు. “ఇవన్నీ బానే ఉన్నాయి కదండి. మూడేళ్ళు కూడా అయినట్టు లేవు. ఎందుకండి ఇచ్చేత్తన్నారు?”

“మా ఆవిడ సువర్చల జనవరిలో పోయిందండి,” అన్నారు కామరాజు గారు. “ఇవింకా ఆవిడ టైమే నడుపుతున్నాయి.”

బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న హైమ తలెత్తింది. ఈ మాట ఆమెకి కొత్త కాదు. అప్పటికి ఇంట్లోకొచ్చే ప్రతి వస్తువులోనూ అలవాటు చిప్ ఉంటోంది. పక్క మీద మనిషి ఎప్పుడు దొర్లేదీ, ఊపిరి ఎప్పుడు బరువెక్కేదీ, ఏ వేళకి వెలుగు కావాలో, ఏ వేళకి వద్దో అది గమనిస్తుంది. కొన్నాళ్ళకి అడక్కుండానే అమరుస్తుంది. ఎవరి కోసం అమరుస్తోందో ఆ మనిషి పోతే మాత్రం, చిప్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

“సాయంత్రం ఐదూ నలభై ఆవిడకి నొప్పొచ్చే వేళ. దానికి నిమిషం ముందు ఫ్యాను తగ్గుతుంది. దీపం వెలుగుతుంది. గీజరులో నీళ్ళు గోరువెచ్చగా కాగుతాయి. నేను కుర్చీలో కూచుని అవన్నీ చూస్తూ ఉంటాను. రీసెట్ చేయమని మెకానిక్కుని పిలిపించాను. అతను మీట మీద వేలు పెట్టేసరికి వద్దన్నాను.” ఆయన దీపం తీగని చుట్ట చుట్టి బల్ల మీద పెట్టారు. “నా ఇంట్లో నేను చెరపలేనండి. మీరు కడిగేస్తారటగా?”

“కడిగేస్తామండి,” అంది హైమ.

“ఏమీ మిగలదా?”

“పేరు, గొంతు, బొమ్మ, తేదీ, ఏవీ మిగలవండి.”

ఆయన అడిగింది ఒకటి, తను చెప్పింది ఒకటి అని హైమకి ఆ క్షణంలోనే తెలుసు. కానీ ఆయన తేలిగ్గా ఊపిరి వదిలి సంతకం పెట్టేశారు. పెట్టాక ఫ్యాను మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

*

కడుగుడు హైమ కనిపెట్టినది. చిప్‌ని పూర్తిగా చెరిపేస్తే అది పసిబిడ్డ. మళ్ళీ నేర్చుకోడానికి ఆరునెలలు పడుతుంది. హైమ పద్ధతిలో ఎవరు అన్నది పోతుంది, ఎలా అన్నది నిలుస్తుంది. మనిషి కదలిక చూసి అవసరం పసిగట్టే నేర్పు అలాగే ఉంటుంది. ఆ చిప్‌లని కొత్త ఫ్యాన్లలో, దీపాల్లో బిగించి హాస్టళ్ళకీ, ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకీ, పిల్లల వార్డులకీ ఉచితంగా ఇచ్చేవారు. ఏ ఇంటి ఆదరణో ఇంకో ఇంటికి చేరుతోందని మీటింగుల్లో హైమ చెప్పేది. చెప్పేటప్పుడు నిజంగానే కళ్ళు మెరిసేవి.

కామరాజు గారి ఇంటి నాలుగు చిప్‌లూ కడిగి పరీక్షకి పెట్టినప్పుడు హైమ రెండుసార్లు సరిచూసుకుంది. అంత చక్కగా నేర్చుకున్న వాటిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఊపిరిలో రవ్వంత తేడాని అవి పట్టుకుంటున్నాయి.

“రోగి దగ్గర పనిచేశాయి కదండి. ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉంటాయి,” అన్నాడు గని.

“ఈ నాలుగింటినీ విడదీయకండి గని గారూ. కలిసి నేర్చుకున్నవి. ఒకే గదిలో పెడదాం.”

జూన్ మూడో వారంలో సామర్లకోటలో ఒక ట్రస్టు నడుపుతున్న బాలికల హాస్టలుకి సామాను వెళ్ళింది. ఆ నాలుగూ ఆరో నంబరు గదిలో బిగించారు.

*

అక్టోబరు ఆఖర్లో వార్డెను రత్నమాణిక్యం ఫోను చేసింది.

“ఏం లేదండి మేడం. పిల్లలు బానే ఉన్నారు. డాక్టరు గారు కూడా చూసి ఏం లేదన్నారు. కానీ మీరొకసారి సాయంత్రం పూట వచ్చి చూస్తే బాగుంటాదండి.”

“ఏమైందండి?”

“ఫోన్లో చెప్తే నన్నే పిచ్చిదంటారండి.”

హైమ, గని అయిదింటికి చేరారు. వానలు వెలిసి ఎండ పలచబడిన రోజు. హాస్టలు వరండాలో అమ్మాయిలు కాలేజీ నుంచి వచ్చి బట్టలుతుక్కుంటున్నారు, జడలు వేసుకుంటున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు జల్లుకుంటున్నారు. ఆరో నంబరు గదిలో మాత్రం చప్పుడు లేదు.

లోపల నలుగురు పిల్లలు. ముగ్గురు పుస్తకాలు ముందేసుకుని ఉన్నారు. నాలుగో పిల్ల నిస్సీ కిటికీ పక్క మంచం మీద బట్టలు మడత పెడుతోంది. ఉప్పాడ పిల్ల, ఇంటర్ రెండో ఏడు. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. హైమని చూసి నవ్వింది. “ఫ్యాను బాగా తిరుగుతందండి. అసలు చెమటే పట్టదు,” అంది. బుగ్గలు లోపలికి పోయాయి. వేసుకున్న డ్రస్సు భుజాల దగ్గర వదులైపోయింది.

హైమ తలుపు పక్కన కుర్చీలో కూచుంది. గని గోడకానుకుని చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు.

ఐదూ ముప్ఫైతొమ్మిదికి ఫ్యాను తగ్గింది. దీపం వెలిగింది.

నిమిషం తర్వాత నలుగురు పిల్లలూ చేతిలో పని కింద పెట్టేశారు. నలుగురూ మంచం అంచుకి జరిగి, పాదాలు నేలకి ఆనించి కూచున్నారు. నలుగురి ఎడం అరచేతులూ పక్కటెముకల కిందికి వెళ్ళాయి. కొంచెం ముందుకి వంగారు. ఊపిరి బిగబట్టి, మూడు తునకలుగా వదిలారు. ఒకే లెక్కలో, ఒకే చప్పుడుతో. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎవరి మొహంలోనూ భయం లేదు. ఏళ్ళ తరబడి ఓర్చుకున్న మనిషి మొహం పదిహేడేళ్ళ పిల్లల మీద వచ్చి కూచుంది.

ఆరు నిమిషాలు అలాగే ఉన్నారు. తర్వాత నిస్సీ లేచి, గోడ పట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి గోరువెచ్చని నీళ్ళు గ్లాసుతో పట్టుకొచ్చింది. నలుగురూ తలా గుక్కెడు తాగారు. ఆ తర్వాత పుస్తకాలు తీశారు.

“ఏమ్మా, ఎక్కడన్నా నొప్పిగా ఉందా?” అని హైమ అడిగింది.

“నొప్పా? లేదండి,” అంది నిస్సీ. “కాసేపు కూచోవాలనిపిస్తాదండి. అంతే.”

వార్డెను హైమని వరండాలోకి తీసుకొచ్చి గొంతు తగ్గించింది. “రెండు నెలల్నుంచి ఇంతేనండి. మొదట్లో ఒక్క నిమిషం కూచునేవారు. రోజురోజుకీ పెరుగుతంది. రాత్రి అన్నం సగం వదిలేత్తన్నారు. వేరే గదిలో పడుకోబెడితే పొద్దున్నకల్లా అదే గదిలోకి వచ్చేత్తన్నారు. మిగతా పిల్లలు ఆ గదికేసి వెళ్ళడం మానేశారండి.”

గని తిరుగు దారిలో పెద్దాపురం రోడ్డు దాటాక అన్నాడు. “మేడం, మీరు చూశారో లేదో. ముందు ఫ్యాను తగ్గిందండి. ఆ తర్వాతే పిల్లలు కూచున్నారు.”

“చూశాను.”

“అంటే మన చిప్ వాళ్ళని చూసి నేర్చుకోట్లేదండి. వాళ్ళే దాన్ని చూసి నేర్చుకుంటన్నారు.”

*

మర్నాడు హైమ ప్రయోగశాల తలుపులు మూసుకుని, కడగక ముందు తీసి, కొన్నాళ్ళపాటు మాత్రమే ఉంచుకునే నకళ్ళు తెరిచింది. తను ఏం చేసిందో అర్థం కావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

కడుగుడు తేదీలని తీసేసింది గానీ రోజుల వరసని తీయలేదు. మామూలు ఇళ్ళలో నిన్నటి రోజూ ఇవాళ్టి రోజూ ఒకలాగే ఉంటాయి. వరస ఉన్నా పోయినా తేడా తెలియదు. సువర్చల గారి గదిలో అలా కాదు. ఆవిడ మంచం పట్టిన దగ్గర్నుంచి ఏ రెండు రోజులూ ఒకలా లేవు. నొప్పి నిమిషం, రెండు నిమిషాలు, ఆరు నిమిషాలు. నిద్ర ఎక్కువవుతూ, నడక తగ్గుతూ వచ్చాయి. మొత్తం నూట నలభై రోజులు. హాస్టల్లో స్విచ్చి వేసిన రోజుని చిప్‌లు మొదటి రోజుగా ఎంచుకుని, ఆ మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. నిద్రలో ఉన్న పిల్లల ఊపిరిని గాలితో, వెలుగుతో, వినపడీ వినపడని రొదతో కొంచెం కొంచెం అటు నడిపిస్తున్నాయి. ఎంతో నమ్మకంగా, ఎంతో శ్రద్ధగా.

నూట నలభయ్యో రోజు ఊపిరి గీత సాయంత్రం ఐదూ నలభై ఆరు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఊపిరి గుర్తులు లేవు.

హైమ కేలండరు చూసింది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఆ సాయంత్రమే వెళ్ళి నాలుగు చిప్‌లూ పీకించేసింది. మామూలు ఫ్యాను, మామూలు దీపం పెట్టించింది. ఫలితం మర్నాడు తెలిసింది. హెచ్చరించే ఫ్యాను లేదు. ఆసరా ఇచ్చే దీపం లేదు. ఐదూ నలభైకి నలుగురు పిల్లలూ ఉన్నచోటే కూలబడి పొట్ట పట్టుకుని కేకలు వేశారు. అంతకుముందు వాళ్ళకి లేని నొప్పి అది. నిస్సీ వార్డెను చెయ్యి పట్టుకుని “ఫ్యాను తగ్గించండమ్మా, ఫ్యాను తగ్గించండి” అని బతిమాలింది. ఆస్పత్రికి తీసుకెళ్తే అన్ని పరీక్షలూ సవ్యంగానే వచ్చాయి. మూడో రోజు హైమ తన చేతుల్తోనే చిప్‌లు మళ్ళీ బిగించింది. పిల్లలు కుదుటపడ్డారు. ఆ మెట్లు దిగడం మళ్ళీ మొదలైంది.

మిగిలినవి ఆరు రోజులు.

*

కామరాజు గారి ఇల్లు శుభ్రంగా, ఖాళీగా ఉంది. పడగ్గదిలో కప్పుకి ఫ్యాను లేని కొక్కెం వేలాడుతోంది. హైమ కాఫీ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు మొత్తం చెప్పింది. తను ఆ రోజు బల్ల దగ్గర చెప్పిన మాటలో ఏది దాచిందో కూడా చెప్పింది.

ఆయన వినడం అయ్యాక చెయ్యి చాచి కిటికీ తలుపు మూశారు.

“అయితే ఆవిడ నొప్పి నేను ఊరి మీదకి పంపించానన్నమాట,” అన్నారు.

“మీరు కాదండి, నేను.”

“ఆఖరి రోజున నేనింట్లో లేనండి. మందుల కోసం వెళ్ళాను. ట్రాఫిక్కులో ఇరుక్కుపోయి ఏడింటికొచ్చాను. మధ్యాహ్నమే నిద్రలో పోయి ఉంటుందని డాక్టరు చెప్పారు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను. మీ దగ్గర టైము ఉంటుందిగా. ఎన్నింటికి?”

హైమ తల దించుకుంది. ఒకసారి ఆయనకి నచ్చే మాట చెప్పింది. దాని ఫలితం సామర్లకోటలో ఉంది.

“ఐదూ నలభై ఆరుకండి. నిద్రలో కాదు. లేచి కూచున్నారు. గుమ్మం లైటు మీరొచ్చే వేళకి వెలుగుతుంది కదా. ఆ సాయంత్రం దాన్ని ఆవిడ మూడుసార్లు వెలిగించారు.”

కామరాజు గారు లేచి లోపలికి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉన్నారు.

“నొప్పి రాని సాయంత్రాలు కూడా ఉన్నాయండి,” అన్నారు. “అవి మీ గీతలో చూశారా?”

“అక్కడక్కడా ఉన్నాయి. ఎందుకో తెలియలేదు.”

“మా మరదలి కుటుంబం వచ్చినప్పుడు. పిల్లలు, మనవలు, వంటింట్లో కేకలు, టీవీ ఒకపక్క, దెబ్బలాట ఒకపక్క. ఇల్లంతా సంతలా ఉండేది. ఆ రోజుల్లో ఐదూ నలభై ఎప్పుడు దాటిపోయేదో ఆవిడకే తెలిసేది కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ మొదలు.”

హైమ కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే మళ్ళీ కింద పెట్టింది. “మాకు గోలగా ఉండే ఇళ్ళు కావాలి,” అంది.

*

సువర్చల గారి సాయంత్రాలని వేరే ఇళ్ళ గోలలో ముంచేసే పని పాడైన వస్తువులతో జరగదు. కడిగిన చిప్‌లతోనూ జరగదు. నిండుగా మనుషులున్న ఇంట్లో, ఆ పూట దాకా తిరుగుతున్న వస్తువులే కావాలి. మహిళా సంఘాల వాళ్ళు జగన్నాథపురంలో, కొండయ్యపాలెంలో ఇల్లిల్లూ తిరిగారు. హైమ ఈసారి దేనినీ దాచవద్దని చెప్పింది. ఏం జరిగిందో, ఎవరి తప్పో, ఎందుకు అడుగుతున్నామో విడమర్చి చెప్పమంది. కొన్ని తలుపులు మొహం మీదే మూసుకున్నాయి. ‘మా ఇంటి గుట్టు కూడా ఎక్కడో తిరుగుతుందా’ అని కొందరు దులిపేశారు. కానీ మర్నాడు పొద్దున్నకి ప్రయోగశాల ముందు ముప్ఫై ఒక్క వస్తువులు చేరాయి. పద్నాలుగు మంది ఉండే ఉమ్మడి కుటుంబం హాల్లోంచి ఫ్యాను విప్పుకొచ్చింది. ఒకావిడ కవల పిల్లల గదిలో దీపం ఇచ్చింది. “ఇది రాత్రి తొమ్మిదిసార్లు వెలుగుతాదండి, మీ ఇష్టం,” అంది. టైలరింగు షాపు పైన కాపురముండేవాళ్ళు, డప్పు వాయించేవాళ్ళు, ఎప్పుడూ చుట్టాలొచ్చే ఇంటివాళ్ళు కూడా వచ్చారు. ‘ఇష్టమైతేనే’ అన్న మాటకి అర్థం హైమకి ఆ రోజే పూర్తిగా తెలిసింది.

గని, అతని తోటి మెకానిక్కులు ఆరో నంబరు గది గోడలనిండా వాటిని బిగించారు. సువర్చల గారి నాలుగూ ఉన్నచోటే ఉంచారు. వాటి పక్కన ముప్ఫై ఒక్క ఇళ్ళు ఒకేసారి మేలుకున్నాయి. ఒక ఫ్యాను ఆగితే ఒకటి జోరందుకుంటుంది. దీపాలు వేళాపాళా లేకుండా వెలిగి ఆరుతున్నాయి. ఎక్కడో తాతగారి కోసం రేడియో చప్పుడు పెరుగుతుంది. ఎవరో పిల్లవాడి కోసం వెంటనే తగ్గుతుంది.

మొదటి రెండు రోజులు ఏ మార్పూ రాలేదు. మూడో రోజు ఇద్దరు పిల్లలు దువ్వెన కోసం జుట్లు పట్టుకున్నారు. వార్డెను ఆ సంగతి ఫోన్లో చెప్తూ ఏడ్చేసింది. నాలుగో రోజు ముగ్గురు రాత్రి అన్నం మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. ఐదో రోజు సాయంత్రం ఐదూ నలభైకి ఆ ముగ్గురూ వరండాలో ఉన్నారు. వాళ్ళకి టైము ఎంతైందో తెలియదు.

నిస్సీ ఒక్కతే మంచం అంచున కూచుంది. కిటికీ పక్క మంచం ఆమెది. నాలుగు చిప్‌లకీ అదే దగ్గర.

*

గురువారం. నూట నలభయ్యో రోజు. హైమ, గని, వార్డెను, ఆస్పత్రి నుంచి ఒక నర్సు మధ్యాహ్నం నుంచే గదిలో ఉన్నారు. నిస్సీ వాళ్ళమ్మ అప్పాయమ్మ కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. “ఉప్పాడ తీసుకుపోతానంటే రానంటదండి. ఎవరో రావాలంట,” అంది హైమతో. “ఎవరే అంటే తెలీదంటది.”

కామరాజు గారు నాలుగున్నరకి వచ్చారు. రమ్మని ఎవరూ పిలవలేదు. గుమ్మం బయటే నిలబడిపోయారు. లోపలికి అడుగు పెట్టలేకపోతున్నారని హైమకి అర్థమైంది.

ఐదూ ఇరవైకి నిస్సీ లేచి కూచుంది. ఎడం చెయ్యి పక్కటెముకల కిందికి వెళ్ళింది. నర్సు నాడి పట్టుకుని చూసి హైమ వైపు చూసింది. నెమ్మదిస్తోంది. ముప్ఫై ఒక్క ఇళ్ళ హోరులో సువర్చల గారి ఫ్యాను ఒక్కటీ మెల్లగా తగ్గడం హైమ కళ్ళారా చూసింది. నిస్సీ చూపు తలుపు మీద ఉంది. గుమ్మం లైటు వెలిగి ఆరింది. కాసేపటికి మళ్ళీ వెలిగి ఆరింది.

“ఇంకా రాలేదా?” అంది నిస్సీ, ఎవరితోనూ కాదు. ఆ గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి మామూలుగా అడిగిన మాట.

ఐదూ నలభై నాలుగు. లైటు మూడోసారి వెలిగింది.

కామరాజు గారు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. మంచం ముందు నిలబడ్డారు. మాట మామూలుగా వచ్చింది.

“వచ్చేశాను,” అన్నారు. “ట్రాఫిక్కు ఎక్కువగా ఉంది. మందులు తెచ్చాను.”

నిస్సీ ఆయన్ని తేరిపార చూసింది. లేవడానికి ప్రయత్నించి, వాళ్ళమ్మ భుజం ఆసరా చేసుకుని లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి పక్క ఫ్యాను మీట రెండు గీతలు తగ్గించింది. ఆయన వైపు కుర్చీ జరిపింది.

“ఎండలోంచి వచ్చి ఫ్యాను కింద కూచుంటే ఆయాసం వస్తాది,” అంది.

కామరాజు గారు కుర్చీలో కూచున్నారు. నలభయ్యేళ్ళ కాపురంలో తను బయటి నుంచి వచ్చేసరికి ఏ ఫ్యానూ సరిగ్గా తిరగదని ఆయన విసుక్కునేవారట. ఆ సంగతి ఆయన తర్వాతెప్పుడో హైమకి చెప్పారు.

గడియారం ఐదూ నలభై ఆరు దాటింది. నర్సు నాడి వదల్లేదు. నలభై ఏడు. నలభై తొమ్మిది. నిస్సీ చెయ్యి పక్కటెముకల మీంచి జారి ఒళ్ళో పడింది. చుట్టూ ఇంతమంది ఎందుకున్నారో అర్థం కానట్టు ఒక్కొక్కరినీ చూసి, ఆఖరికి కుర్చీలో పెద్దాయన దగ్గర ఆగింది.

“ఎవరండి తాతగారు మీరు?” అంది. జవాబు కోసం చూడకుండా తల్లి వైపు తిరిగింది. “అమ్మా, ఆకలేత్తంది.”

అప్పాయమ్మ కూతుర్ని రెండు చేతులా చుట్టేసుకుంది. కామరాజు గారు లేచి, గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. కాసేపయ్యాక హైమ వెళ్ళి చూస్తే, మెట్ల మీద కూచుని, వీధి వైపు చూస్తున్నారు.

“ఈసారి నిజంగా కడిగేయండి,” అన్నారు. “నేనొచ్చి దగ్గరుండి చూస్తాను.”

మర్నాడు నాలుగు చిప్‌లూ పొడి చేసే యంత్రంలోకి వెళ్ళాయి. ఆయన ఆఖరిదాకా నిలబడి చూశారు.

*

‘మళ్ళీ’ కూటమిలో ఉన్న సంఘాలన్నిటికీ హైమ ఉత్తరం రాసింది. సగం సంఘాలు తప్పుకున్నాయి. మిగతావాళ్ళు కడుగుడు ఆపి, పూర్తిగా చెరిపితేనే ఉంటామన్నారు. ఆమె ఒప్పుకుంది. నాలుగేళ్ళలో ఆ పద్ధతిలో బయటికి వెళ్ళిన చిప్‌లు పదకొండు వందల నలభై. ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆమే చెరిపేసింది. ఎక్కడికి వెళ్ళాయో మాత్రం చిరునామాలున్నాయి.

“అన్నీ అలా ఉండవు కదండి మేడం,” అన్నాడు గని. “ఎక్కడో ఒకటీ అరా.”

“ఎన్నో మనకి తెలియదు కదండీ. అన్నీ చూసి రావాలి.”

జాబితాలో మొదటిది రామచంద్రపురంలో ఒక చిన్న డాబా ఇల్లు. బడిలో పనిచేసే టీచరు, పెళ్ళి కాలేదు, ఒంటరిగా ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆవిడకి ఒక ఫ్యానూ ఒక దీపమూ ఇచ్చారు.

హైమ పదకొండింటికి వెళ్ళి తలుపు తట్టింది. ముప్ఫయ్యేళ్ళ మనిషి, తలారబోసుకుని, చేతిలో బియ్యం చేటతో తలుపు తీసింది. హైమ నోరు విప్పబోయేలోపే పెదవి మీద వేలు పెట్టింది.

“మెల్లగా మాట్లాడండి,” అంది. “ఇప్పుడే పడుకున్నాడు.”

హైమ ఆమె భుజం మీంచి లోపలికి చూసింది. ఒకే గది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కిటికీలకి దళసరి గుడ్డలు కట్టి ఉన్నాయి. ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

“ఎవరండీ?” అని హైమ గొంతు తగ్గించి అడిగింది.

ఆ టీచరు మంచం వైపు తిరిగి చూసింది. చేటలో బియ్యం కదలకుండా గుండెలకి ఆనించుకుని, మళ్ళీ హైమ వైపు తిరిగింది.

“తెలీదండి,” అంది.